కోరి చేరిన చెర

రాజులు తమ పొలిమేరలయందు కోటలు కట్టించిరి. కనుమలలో కావలి నిలిపిరి. రేవులలో సుంకపు ఠాణాలు పెట్టించిరి. కత్తి దూసి వచ్చు శత్రువు కావలివానికి కనబడును. మూటలో దాచిన సరకు సుంకరికి దొరకును. కాని బాటసారి దేహములోనో, ప్రత్తిబేళ్ల మడతలలోనో దాగివచ్చు మహామారి ఎవరి కంటికిని కనబడదు. ఈ కనబడని శత్రువును వాకిట నిలుపుటకు పూర్వులు కనుగొన్న ఉపాయము ఒక్కటియే: వచ్చినవారిని వచ్చినచోటనే కొంతకాలము ఆపి, రోగము బయటపడునో లేదో వేచి చూచుట. 1377 లో ఆడ్రియాటిక్ సముద్రతీరమునందలి రగూసా నగరము ముప్పది దినముల గడువుతో ఈ పద్ధతిని ప్రారంభించెను. తరువాత వెనిసు మొదలగు రేవులలో ఆ గడువు నలువది దినములైనది. ఇటలీ భాషలో నలువదికి గల పేరునుండియే క్వారంటైను అను మాట పుట్టినది.

1786 వ సంవత్సరపు శరదృతువున వెనిసు నగరపు ఉప్పుకయ్యలలో రెండు పడవలు పోవుచుండెను. ముందు పడవలో ఆరుగురు తెడ్లు వేయుచుండిరి. దానికి పదియడుగుల త్రాటితో కట్టిన వెనుక పడవలో అరువదేండ్ల ఆంగ్లేయుడొకడు కూర్చుండియుండెను. ఒడ్డు సమీపింపగనే త్రాడు విప్పి, అతని పడవను పొడవైన గడతో దరికి త్రోసిరి. అతనిని తాకుటకు ఎవరును సాహసింపలేదు. అతడు నేరము చేసినవాడు కాడు, రోగియు కాడు. ప్లేగు వ్యాపించిన స్మిర్నా రేవునుండి వచ్చిన ఓడలో ప్రయాణము చేసినవాడు. అది అతనికి తప్పక కలిగిన విపత్తు కాదు. దోషమున్న ఓడయే కావలెనని వెదకి వెదకి అతడు ఆ ఓడ నెక్కెను. అతని పేరు జాన్ హోవార్డు.

హోవార్డు 1726 లో లండను నగర ప్రాంతమున జన్మించెను. తండ్రి ధనికుడైన వర్తకుడు. తల్లి బాల్యముననే గతించినది. చదువులో అతడు మేటి యనిపించుకొనలేదు. తండ్రి అతనిని కిరాణా వర్తకునియొద్ద పని నేర్చుకొనుటకు చేర్చెను. 1742 లో తండ్రి మరణింపగా, గొప్ప ఆస్తి ఆ యువకుని చేతికి వచ్చినది. ఆస్తితోపాటు బలమైన దేహము మాత్రము రాలేదు. అనారోగ్యముతో మంచముపట్టి యొక యింట బసచేసియున్న కాలమున ఆ యింటి యజమానురాలు అతనికి శ్రద్ధతో పరిచర్య చేసినది. కోలుకొనిన వెంటనే హోవార్డు కృతజ్ఞతాభావముతో ఆమెను వివాహమాడెను. ఆమె వయస్సు అతని వయస్సునకు రెట్టింపునకు మించినది. లోకులు నవ్విరి. అతడు ఆ నవ్వును లెక్కచేయలేదు. తనకు న్యాయమని తోచిన పనిని లోకము ఏమనుకొనునోయని వెనుదీయకుండ చేయుట అతనికి అప్పటినుండియే అలవాటైనది.

1755 లో ఆమె మరణించినది. ఆ యేడే పోర్చుగలు రాజధాని లిస్బను నగరము ఘోరమైన భూకంపముచేత నేలమట్టమయ్యెను. ఆ దుఃఖితులను చూడవలెనని హోవార్డు ఓడ యెక్కెను. ఆ దినములలో ఇంగ్లండునకును ఫ్రాన్సునకును వైరము. దారిలో ఫ్రెంచి ఓడ యొకటి వారిని పట్టుకొని బ్రెస్టు రేవునకు కొనిపోయెను. నలువది గంటలకు పైగా అతని నోట నీటిచుక్క పడలేదు. కోటలోని చీకటికొట్టున ఆరు రాత్రులు గడ్డిమీద పరుండెను. దినాను పట్టణములోని చెరలో ఒక్కదినమున ముప్పదియారుగురు ఖైదీలను ఒకే గోతిలో పాతిపెట్టిరని అక్కడనే తెలిసికొనెను. తాను మాటయిచ్చి స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట తన విడుదలతో తృప్తినొందక, అక్కడ మిగిలినవారి దురవస్థను అధికారులకు విన్నవించి వారి విముక్తికై పాటుపడెను. చెరసాల గోడ లోపలినుండి ఎట్లుండునో అతడు మొదట తెలిసికొన్నది ఇట్లు. పుస్తకములు చదివి తెలిసికొన్నది కాదు; దాహముతో నాలుక ఎండగా తెలిసికొన్నది.

తరువాత హోవార్డు బెడ్‌ఫర్డు మండలములోని కార్డింగ్టను గ్రామమున స్థిరపడెను. 1758 లో హెన్రియెట్టా లీడ్సును పెండ్లాడెను. దంపతులిరువురును గ్రామములోని పేదలకు చక్కని కుటీరములు కట్టించిరి. వారి పిల్లలకు చదువు ఏర్పాటు చేసిరి. అతని జీవితమున నిజముగా సుఖమన్నది ఆ యేడేండ్లే. 1765 లో హెన్రియెట్టా ఒక కుమారుని కని, కొలది దినములకే కన్నుమూసినది. ఆ శిశువునకు తండ్రి పేరే పెట్టిరి. తల్లిలేని బిడ్డను పెంచుట హోవార్డునకు చేతకాలేదు. ప్రేమ లేకపోలేదు, దానిని చూపుట తెలియదు. చెప్పినమాట మారుపలుకక వినుటయే పిల్లలకు తగిన విద్యయని అతడు దృఢముగ నమ్మెను. బాలుడు ఇంకను పసితనమున ఉండగనే ఇతరుల సంరక్షణలో విడువబడెను. దాని ఫలము ఇరువదేండ్ల తరువాత అనుభవింపవలసి వచ్చినది.

1773 లో హోవార్డు బెడ్‌ఫర్డు మండలమునకు షెరీఫుగా నియమింపబడెను. షెరీఫు పదవి అంతకుముందు పలువురకు ఊరేగింపు, విందు, గౌరవము మాత్రమే. చెరసాల షెరీఫు అధీనమున నుండును గనుక హోవార్డు దానిని చూడబోయెను. అక్కడ ఒక వింత కనబడెను. న్యాయస్థానము నిర్దోషులని తీర్పు చెప్పినవారు సైతము ఖైదులోనే పడియుండిరి. ఏలయన చెరసాల అధికారికి జీతము లేదు. ఖైదీలు చెల్లించు రుసుములే అతని జీవనము. రుసుము చెల్లింపనివానికి తలుపు తెరువబడదు. తప్పు లేదని తేలినవాడు తనను బంధించినందుకు తానే వెల యిచ్చుకొని బయటపడవలెను.

అధికారికి జీతమిచ్చి ఈ రుసుములు మాన్పింపుడని హోవార్డు మండల న్యాయాధిపతులను కోరెను. అట్టి పద్ధతి వేరొకచోట ఉన్నదని చూపినచో ఆలోచింతుమని వారనిరి. ఆ చూపు కొరకు అతడు గుర్రమెక్కి పొరుగు మండలములకు బయలుదేరెను. అక్కడను అదే అన్యాయము. ఆ తరువాతి మండలమునను అదియే. ఒక్క ఉదాహరణము వెదకబోయినవాడు దేశమందలి చెరసాలల నన్నిటిని చూచెను. 1774 లో కామన్సు సభ అతనిని పిలిపించి వివరములు విని కృతజ్ఞత తెలిపినది. ఆ యేడే రెండు చట్టములు వచ్చినవి. నిర్దోషులవద్ద రుసుము తీసికొనుట ఒక చట్టముచే నిషిద్ధమైనది. గోడలకు సున్నము కొట్టించుట, గాలి ప్రసరింపజేయుట, రోగులకు వేరుగది యేర్పరచుట మొదలగునవి రెండవదానిచే విధింపబడినవి. హోవార్డు ఆ చట్టముల ప్రతులను స్వంత ఖర్చుతో అచ్చువేయించి చెరసాలలకు పంపెను.

సున్నము, గాలి అను మాటలు ఆ చట్టములోనికి ఊరక రాలేదు. నాటి చెరసాలలలో చెరసాల జ్వరమని పేరొందిన భయంకరమైన అంటురోగము నివాసమేర్పరచుకొనియుండెను. అదియే నేటి టైఫస్. ఉరికంబముపై చచ్చువారికంటె ఈ జ్వరమున చచ్చువారే ఎక్కువయని హోవార్డు లెక్కలు వ్రాసి చూపెను. ఆ రోగము ఖైదీలతో సరిపెట్టుకొనునది కాదు. 1750 లో లండనులోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానమున విచారణకు తెచ్చిన ఖైదీలనుండి ఆ జ్వరము వ్యాపించి న్యాయాధిపతులు, నగరాధ్యక్షుడు, జూరీవారు మొదలుగ పలువురు మరణించిరి. తలుపు మూసినంతమాత్రమున రోగము లోపల నిలిచిపోదని హోవార్డు గ్రహించెను. లోపలివాని కుళ్లు బయటివాని ప్రాణమునకే వచ్చును. 1777 లో ప్రకటించిన చెరసాలల స్థితి అను అతని గ్రంథమునకు ఇదియే సారము.

చెరసాలలనుండి హోవార్డు దృష్టి సహజముగనే లాజరెట్టోలపై పడెను. ప్లేగు పీడిత దేశములనుండి వచ్చు ప్రయాణికులను, సరకులను నిర్బంధించి యుంచు రేవుగృహములకు ఆ పేరు. అవియు గోడలు, తాళములు, కావలివారు గలవే. అచటివారును నేరము చేయనివారే. ఇంగ్లండులో అప్పటికి తగిన లాజరెట్టో యొక్కటియు లేదు. ప్రతి ఓడకును బయలుదేరు రేవున ఆరోగ్యపత్రము నిచ్చు ఆచారముండెను. ఆ రేవున ప్లేగు లేనిచో నిర్దోషపత్రము, ఉన్నచో సదోషపత్రము. సదోషపత్రముతో వచ్చు ఆంగ్లేయ నౌక నేరుగా స్వదేశమునకు రాగూడదు. మధ్యధరా సముద్రములోని మాల్టా, లెగ్‌హార్ను, వెనిసు మొదలగు పరదేశపు రేవులలో ముందుగా గడువు తీర్చుకొనవలెను. దానివలన వర్తకులకు కాలవ్యయము, ధనవ్యయము మిక్కుటము. అందువలన కొంత వర్తకము డచ్చివారి పాలగుచుండెను. మార్గమెంత కఠినమో దానిని తప్పించుకొనవలెనను ఆశయు అంత బలమైనది. ఈ సంగతి నంతటిని కన్నులార చూడవలెనని హోవార్డు 1785 చివర బయలుదేరెను. ప్లేగు స్వభావమును గూర్చి అచటి వైద్యుల నడుగుటకై వైద్యులైన మిత్రులచే ఒక ప్రశ్నావళిని వ్రాయించి వెంట దీసికొనిపోయెను.

ఫ్రెంచి ప్రభుత్వమునకు అతనిపై కోపముండెను. బాస్టిల్ కోటలోని చెరను గూర్చి అతడు ప్రకటించిన సంగతులే అందుకు కారణము. అనుమతి దొరకనందున వైద్యుని వేషముతో ఆ దేశము దాటి మార్సెయిల్సు చేరెను. 1720 లో గ్రాం సెంత్ ఆంత్వాన్ అను ఓడ ఆ రేవునకే ప్లేగును తెచ్చినది. క్వారంటైను నియమములు సడలించి సరకును దింపుటయే ఆ ఘోరమునకు హేతువైనదని చరిత్రకారులు వ్రాసిరి. అక్కడనుండి జెనోవా, లెగ్‌హార్ను, నేపుల్సు, మాల్టా నగరములలోని లాజరెట్టోలను, ఆసుపత్రులను పరిశీలించెను. మాల్టాలోని ప్రఖ్యాతమైన ఆసుపత్రిలో రోగులకంటె ప్రభువుగారి శాలలోని గుర్రములు, కంచరగాడిదలు శుభ్రముగ నున్నవని సంకోచింపక వ్రాసెను. పిమ్మట స్మిర్నా, కాన్‌స్టాంటినోపిలు నగరములకు పోయి, ఇతరులు గడప త్రొక్కుటకు జంకు ప్లేగు ఆసుపత్రులలో ప్రవేశించెను.

ఇక కాన్‌స్టాంటినోపిలునుండి భూమార్గమున వియన్నా మీదుగ ఇల్లు చేరుటయే తరువాయి. అప్పు డతని మనస్సున ఒక సంశయము పుట్టెను. తా నింతవరకు చూచినదేమి? వచ్చిన అతిథికి అధికారులు చూపదలచినది మాత్రమే. అరగంట చూచి వెడలిపోవువానికి గది యొక్క పొడవు వెడల్పులు తెలియును గాని, అందు నలువది రాత్రులు పరుండుట యెట్టిదో తెలియదు. అట్లు తెలియనివాడు క్వారంటైను నియమములనుగూర్చి దేశమునకు సలహా చెప్పుట న్యాయము కాదనిపించెను. వెంటనే స్మిర్నాకు మరలిపోయి, సదోషపత్రముతో వెనిసునకు బోవు ఓడ కొరకు వేచి, దానిలో స్థానము సంపాదించెను. నిర్దోషపత్రము గల ఓడలోనివారికి నిర్బంధము తేలిక. కఠిన నియమములన్నియు సదోషపత్రము వారికే. ఆ కఠిన నియమములే అతనికి కావలసియుండెను.

ఆ ప్రయాణము రెండు మాసములు సాగెను. దారిలో ట్యునిసు దేశపు సముద్రచోరులు ఆ ఓడపై బడిరి. వారికి చిక్కినచో దాస్యమే గతి. ఓడవారు తమకున్న పెద్ద ఫిరంగిలో మేకులు, ఇనుపముక్కలు దట్టించి శత్రువులపై పేల్చిరి. హోవార్డు తానే గురిచూచి పేల్చెనని కూడ చెప్పుదురు. చోరులు తొలగిపోయిరి. చోరులనుండి తప్పించుకొన్న ఓడ తుదకు వెనిసు వాకిట నిలిచెను. అక్కడ అతనిని ఎదుర్కొన్నది పదియడుగుల త్రాడు.

లాజరెట్టో నూవో అను దీవియందు అతనికి గది చూపిరి. అందు బల్ల లేదు, కుర్చీ లేదు, మంచము లేదు. నేల నిండ మలినము. ఎక్కడ చూచినను పురుగులు. కడిగించినను దుర్వాసన పోలేదు. తలనొప్పి పట్టుకొనెను. కొన్ని దినములకు అతనిని లాజరెట్టో వెక్కియో అను పాత దీవికి మార్చిరి. 1423 లో స్థాపించిన ఆ గృహము లోకములోని తొలి స్థిరమైన ప్లేగు ఆసుపత్రిగ పేరొందినది. అక్కడి గోడలు బహుకాలముగ శుభ్రపరచబడినవి కావు. తరతరముల రోగుల శ్వాస ఆ గోడలలో ఇంకియున్నట్లు తోచెను. ఆకలి నశించి, జ్వరము వచ్చునట్లున్నదని హోవార్డు భయపడెను. సున్నము కొట్టింపుడని కోరినను అచటివారి మూఢాచారము అడ్డువచ్చినది. అతడు సున్నము, కుంచె తెప్పించి, పరిచారకుని సహాయముతో తెల్లవారుజామున గోడలన్నిటిని తానే శుభ్రపరచెను. ఆ సాయంకాలము ఆ గదిలోనే తేనీరు త్రాగి, ఆ రాత్రి సుఖముగ నిదురించెను. ఒక దేశపు ప్రభుత్వము బహుకాలముగ చేయని పనిని ఒక వృద్ధుడు ఒక్క వేకువజామున చేసి చూపెను.

సరకుల పరీక్షను కూడ అతడు శ్రద్ధతో గమనించెను. లాజరెట్టో శాస్త్రమున వస్తువులు రెండు జాతులు. ఉన్ని, ప్రత్తి, పట్టు, తోళ్లు, ఈకలు, కాగితములు అంటు పట్టునవి. కొయ్య, లోహము, ధాన్యము వంటివి అంటు పట్టనివి. అంటు పట్టు బేళ్లను విప్పి గాలికి పెట్టి, కూలివాండ్రు మోచేతులు దాటునంతవరకు చేతులు లోనికి చొనిపి దినదినమును కలియబెట్టవలెను. ప్రత్తిలో విషమున్నచో మొదట ఆ కూలివానికే సోకును. అతడు గడువు తీరువరకు ఆరోగ్యముగ నున్నచో సరకు మంచిదని అర్థము. అనగా ఆ రేవున రోగమును పరీక్షించు యంత్రము మనుష్యుని దేహమే. ధనికుల వస్త్రములు నగరప్రవేశము చేయుటకు ముందు పేదవాని చేయి పూచీపడవలసియుండెను.

ఉత్తరములు సైతము నిర్బంధమునుండి తప్పించుకొనలేవు. వానిని పొడిచి, సిర్కాలో ముంచి, పొగవేసి ఇచ్చుట నాటి రేవుల యాచారము. ఆ నిర్బంధకాలముననే హోవార్డునకు స్వదేశమునుండి రెండు వార్తలు తెలిసినవి. మొదటిది: అతని సేవకు మెచ్చి లండనులోని ప్రముఖులు చందాలు పోగుచేసి, అతనికి శిలావిగ్రహము నెలకొల్ప నిశ్చయించిరి. రెండవది: అతని ఒక్కగానొక్క కుమారునకు మతి చలించినది. దుర్వ్యసనములకు లోబడి ఆ యువకుడు దేహమును, బుద్ధిని చెడగొట్టుకొనెను.

ఆ రెండు వార్తలలో నేది అతనిని ఎక్కువ బాధించినదో చెప్పుట కష్టము. విగ్రహప్రయత్నమును మానుడని ప్రాధేయపడి వ్రాసెను. దానిని సత్కారముగ గాక శిక్షగ భావించెను. లోకమంతయు దీనబంధువని శ్లాఘించుచున్న సమయమున తన యింటి దీపము ఆరిపోవుచుండెను. వందలకొలది చెరసాలలలో ఏ మూల ఏ ఖైదీ నిట్టూర్చుచున్నాడో కనిపెట్టగలిగిన కన్నులు ఇంటిలోని బాలుని మనస్సును చూడలేకపోయెను. నిర్బంధము తీరనిదే కదలుటకు వీలులేదు. కుమారుని యొద్దకు పరుగెత్తిపోవలెనని తండ్రి హృదయము కొట్టుకొనుచుండగా, గడువులోని దినములు ఒక్కొక్కటియే గడచుచుండెను. నిర్బంధితుని బాధ యెట్టిదో తెలిసికొనవలెనని వచ్చినవానికి విధి దానిని పూర్తిగ తెలియజేసెను. ఇరుకు గది, చెడుగాలి అందులో చిన్న భాగము. ఆవల తనవారికి ఏమగుచున్నదో చూడబోలేకుండుట పెద్ద భాగము. ఆరువారముల కాలము గడచి నవంబరు మాసమున విడుదల దొరకెను. త్రియెస్తు, వియన్నా మార్గమున 1787 ఆరంభమునకు ఇల్లు చేరెను. కుమారుని మతి మరల స్వస్థతనొందలేదు. అతనిని లెస్టరులోని ఉన్మాదాలయమున చేర్పవలసి వచ్చెను. 1799 లో అతడు అక్కడనే మరణించెను.

1789 లో హోవార్డు ఐరోపాలోని ముఖ్య లాజరెట్టోల వృత్తాంతమును గ్రంథముగ ప్రకటించెను. తాను చూచిన గృహముల పటములు, నియమములు, ప్లేగును గూర్చి వైద్యులు చెప్పిన సమాధానములు, ఇంగ్లండులో నిర్మింపదగిన లాజరెట్టో నమూనా అందు చేర్చెను. క్వారంటైను అక్కరలేదని అతడు వ్రాయలేదు. బాధననుభవించి వచ్చినవాడు ద్వారమునే పడగొట్టుమని కోరును. హోవార్డు అట్లు కోరలేదు. ద్వారముండవలెను, నియమము కఠినముగనే పాటింపవలెను. కాని నిర్బంధగృహము చెరసాలవలె నుండరాదు. గాలి, వెలుతురు, నీరు, తోట గలిగి చూచినవారికి ఉల్లాసము కలిగింపవలెనని అతని యభిప్రాయము. ఇందు దయ యెంత కలదో వివేకము నంత కలదు. లాజరెట్టో నరకమైనచో ఓడయధికారి రోగిని దాచును, వర్తకుడు దొంగదారి వెదకును, ప్రయాణికుడు అబద్ధమాడును. నిర్బంధితుని బాధపెట్టు ద్వారము నిజమును లోపలికి రానీయదు. నిజము రాని ద్వారమున రోగము సులభముగ దూరును.

గ్రంథము వెలువడిన యేడే, 1789 జులైలో హోవార్డు తుదిప్రయాణమునకు బయలుదేరెను. టర్కీ, తూర్పు దేశములు తిరిగి ప్లేగును గూర్చి యింకను పరిశోధింపవలెనని అతని సంకల్పము. జర్మనీ, రష్యాలు దాటి నల్లసముద్రమునకు చేరువనున్న ఖేర్సన్ పట్టణము చేరెను. అప్పుడు రష్యాకును టర్కీకిని యుద్ధము జరుగుచుండెను. సైనికాసుపత్రులలో సిపాయీలు జ్వరములతో కుప్పలుగ చచ్చుచుండిరి. హోవార్డు వారి నడుమ తిరుగుచుండగా, కొన్ని మైళ్ల దూరమున ఒక యువతికి అంటుజ్వరము వచ్చినదని, ఒకసారి చూడవలెనని కబురు వచ్చెను. తాను వైద్యుడను కానని మొదట సంకోచించినను, తుదకు గుర్రమెక్కి చలిలో, వానలో పోయి చూచెను. ఆమె దక్కలేదు. ఆ జ్వరము అతనికి సోకెను. 1790 జనవరి 20 వ తేదీన పరదేశమున, స్వజనులెవ్వరును దగ్గర లేకుండ, అతడు మరణించెను. సమాధిపై ఆడంబరము వలదనియు, ఒక సూర్యఘటికను మాత్రము నిలిపి తన్ను మరచిపోవలెననియు కోరెను. లోకము ఆ కోరికను తీర్పలేదు. బ్రదికినన్నాళ్లు వలదన్న విగ్రహమును చనిపోయిన పిమ్మట లండనులోని సెంట్ పాల్స్ దేవాలయమున నెలకొల్పిరి. ఆ దేవాలయమున స్థాపింపబడిన మొదటి విగ్రహమదియే.

అతనికి తెలియని సంగతులెన్నియో తరువాత తెలిసినవి. 1894 లో హాంకాంగులో యెర్సీను ప్లేగు క్రిమిని కనుగొనెను. 1898 లో కరాచీ నగరమున సిమాండు అను ఫ్రెంచి వైద్యుడు ఆ క్రిమిని ఎలుకనుండి ఎలుకకు, మనుష్యునకు చేర్చునది ఎలుకల మేనిపై బ్రదుకు రక్తాహారియైన చిన్న పురుగని చూపెను. 1909 లో నికోల్ అను శాస్త్రజ్ఞుడు టైఫస్ జ్వరమునకు వాహకము చీరపేనని కనుగొనెను. ఆ వెలుగులో చూచినచో పాత లాజరెట్టోల విధులలో కొన్ని నవ్వు పుట్టించును. ప్రత్తిబేళ్లను విప్పి, ఉత్తరములను సిర్కాలో ముంచుచుండగా, అంటు పట్టదని విడిచిన ధాన్యపు మూటలమాటున ఎలుక దాగియుండెను. రాత్రివేళ లంగరు త్రాటిమీదుగ నిశ్శబ్దముగ ఒడ్డెక్కుచుండెను. దాని నడుగువారు లేరు. దానికి ఆరోగ్యపత్రమును లేదు. హోవార్డు సైతము రోగమునకు మూలము దుర్వాసనయేయని నమ్మెను. అయినను అతడు చెప్పిన ఉతికిన బట్టలు, స్నానము, సున్నపు గోడలు, కిక్కిరియని గదులు చీరపేనునకును, ఎలుకకును ప్రబలశత్రువులే. కారణమును పొరపడినవాడు మార్గమును పొరపడలేదు. ఏలయన అతడు ఊహనుండి గాక, నిర్బంధితుడు పరుండిన నేలనుండి ఆలోచింప నారంభించెను.

1851 లో పారిసున సమావేశమైన దేశములు క్వారంటైను నియమములను ఏకరీతిగ చేయుటకు తొలిసారి కూర్చున్నవి. ఆ ప్రయత్నపరంపరలో పుట్టినవే ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2005 లో ఆమోదించి, 2007 లో అమలునకు తెచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు. సరిహద్దున నిలిపిన ప్రయాణికుని గౌరవము కాపాడవలెననియు, అన్నము, నీరు, వసతి, వైద్యము చూడవలెననియు అందు కలదు. స్థిరనివాసమునకో, తాత్కాలికవాసమునకో వచ్చువారిని మినహాయించి, ప్రజారోగ్యము కొరకు నిర్బంధించినందుకు ప్రయాణికునివద్ద రుసుము తీసికొనరాదనియు కలదు. బెడ్‌ఫర్డు చెరసాల వాకిట రుసుము చెల్లింపలేక నిలిచిపోయిన నిర్దోషులను చూచినవాని ఆవేదనకు ఆ వాక్యమున ప్రతిధ్వని వినబడును.

వాక్యము వ్రాయుట సులభము, పాటించుట కష్టము. 2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవున డైమండ్ ప్రిన్సెస్ అను ఓడను నిలిపివేసిరి. అందలి 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకినట్లు తేలినది. నిర్బంధించిన ఓడలోనే రోగము పెరుగుట లోకము చూచినది. ఆ సంవత్సరమున, తరువాతి సంవత్సరమున భారతదేశముతో సహా పలు దేశములలో ఇల్లు చేరవచ్చినవారే నిర్బంధవాసపు ఖర్చును భరింపవలసి వచ్చినది. గల్ఫు దేశములలో పని పోగొట్టుకొని వచ్చిన కూలివానికి ఆ ఖర్చు ఎంత భారమో చెప్పనక్కరలేదు.

అంటురోగము ఉన్నంతకాలము రేవున కావలి యుండవలసినదే. రెండు పడవల నడుమ పదియడుగుల త్రాడును ఉండవలసినదే. కాని ఆ త్రాడునకు రెండు కొనలు కలవు. ముందు పడవలోనివారు తమ నగరమును కాపాడుకొనుటకు దానిని పట్టుకొందురు. వెనుక పడవలో నొంటరిగ కూర్చున్నవానికి అదియే ఒడ్డునకు చేర్చు ఆధారము. నియమములు వ్రాయువారు సాధారణముగ ముందు పడవలోనివారే. ఒక్కసారి వెనుక పడవలో కూర్చుండి చూడవలెనని తలచి, అరువదేండ్ల వయస్సున ఆ త్రాటి రెండవ కొనకు తన్ను తానే కట్టించుకొన్నవాడు జాన్ హోవార్డు.